పాత కారు ఇంజనుకు మంచి లేత్ వర్క్స్: ఒక పనితనం చరిత్ర

ఉపోద్ఘాతం

పారిశ్రామిక చరిత్ర చదివేటప్పుడు మన దృష్టి సాధారణంగా కర్మాగారాల దగ్గరే ఆగిపోతుంది. ఏ సంస్థను ఎవరు స్థాపించారు, ఏ సంవత్సరంలో, ఎంత పెట్టుబడితో అన్న వివరాలు ఏ గ్రంథంలోనైనా దొరుకుతాయి. తయారైన వస్తువు కర్మాగారం గేటు దాటాక ఎన్నేళ్లు బతికింది, దాన్ని ఎవరు బతికించారు అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం అంత సులభంగా దొరకదు. మన దేశంలో మోటారు కారు విషయంలో ఈ రెండో ప్రశ్నే ముఖ్యమైనది. ఎందుకంటే ఇక్కడ ఒక కారు జీవితంలో తయారీ కొన్ని రోజుల పని, మరమ్మతు కొన్ని దశాబ్దాల పని.

నేడు పాత అంబాసిడర్‌నో, పాత ఫియట్‌నో తిరిగి నడిపించాలనుకునే వారు చాలామంది కనిపిస్తున్నారు. వారందరికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఒక్కటే: ఇంజను పని తెలిసిన మంచి లేత్ వర్క్స్ ఎక్కడుంది? ఇది వ్యక్తిగతమైన అవసరంలా కనిపించినా నిజానికి చరిత్రకు సంబంధించిన ప్రశ్న. ఆ పనితనం ఒకప్పుడు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఎందుకు ఉండేది, ఇప్పుడు ఎందుకు వెతుక్కోవలసి వస్తోంది, దొరికినదాన్ని ఎలా గుర్తుపట్టాలి అన్నవి ఈ పాఠంలో పరిశీలిద్దాం.

కొరత నేర్పిన విద్య

స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో కార్ల తయారీ లేదు, కూర్పు మాత్రమే ఉండేది. జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో విడిభాగాలను దిగుమతి చేసుకుని వాహనాలను కూర్చడం ప్రారంభించింది. ఫోర్డ్ కూడా కొద్ది కాలానికే అదే దారి పట్టింది. 1942లో బిర్లాలు హిందుస్థాన్ మోటార్స్‌ను, 1944లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను స్థాపించారు. 1953 నాటి టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత ప్రభుత్వం ఒక షరతు పెట్టింది. క్రమంగా ఇక్కడే తయారు చేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే చోటు ఉంటుంది. కూర్పుకే పరిమితమైన జనరల్ మోటార్స్, ఫోర్డ్ తప్పుకున్నాయి. దరిమిలా సుమారు మూడు దశాబ్దాల పాటు భారతీయ వినియోగదారుడికి మిగిలినవి ప్రధానంగా మూడే: ఉత్తరపారాలో తయారైన హిందుస్థాన్ కార్లు, బొంబాయిలోని కుర్లాలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్.

ఈ విధానం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఆర్థిక చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. ఇక్కడ దాని ఫలితాల్లో ఒకదానిని మాత్రమే తీసుకుందాం. 1970లలో దేశంలో ఏటా తయారైన కార్ల సంఖ్య యాభై వేలకు చేరలేదు. 1969లో ప్రభుత్వం కార్ల ధరలపై నియంత్రణ విధించి 1975లో ఎత్తివేసింది. కొత్త కారుకు పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడడం ఆనాటి మధ్యతరగతికి మామూలు విషయం. అలాంటి పరిస్థితిలో ఇంజను పొగ కక్కడం, ఆయిల్ తాగడం మొదలుపెట్టినంత మాత్రాన కారును ఎవరూ వదిలేసుకోరు. ఇంజను దించుతారు. విప్పుతారు. అరిగిన చోట తిరిగి కోసి, అరగని ముక్కగా మార్చి మళ్లీ ఎక్కిస్తారు. పది పన్నెండేళ్లకు మళ్లీ అదే పని.

దీనికి కావలసిన సరంజామా కూడా అదే కాలంలో దేశంలో ఏర్పడింది. మద్రాసులో 1949లో ఇండియా పిస్టన్స్ ప్రారంభమైంది. బెంగుళూరులో 1953లో హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వచ్చింది. సికింద్రాబాదులో అంతకు పదేళ్ల ముందే, 1943లో, ప్రాగా టూల్స్ పుట్టింది. పంజాబులోని బటాలా నుంచి, గుజరాత్‌లోని రాజ్‌కోట్ నుంచి తక్కువ ధర లేత్ మిషన్లు చిన్న పట్టణాలకు చేరాయి. వీటన్నిటికీ తోడు తెలుగు ప్రాంతాల్లో అప్పటికే ఒక పునాది ఉంది. డెల్టాలోని బియ్యం మిల్లులు, మెట్ట ప్రాంతాల్లో బావుల మీది ఆయిల్ ఇంజన్లు. ఒక పిస్టను ఎందుకు పట్టేసింది, ఒక బేరింగు ఎందుకు కాలిపోయింది అన్న జ్ఞానం ముందు ఆ ఇంజన్ల దగ్గర పుట్టి, తర్వాత లారీలకు, ఆపైన కార్లకు వచ్చింది. హైదరాబాదు సంస్థానంలో 1932లో నిజాం రైల్వే ఆధ్వర్యంలో 27 బస్సులతో మొదలైన రవాణా సేవను కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బస్సులు నడవాలంటే వాటి ఇంజన్లను విప్పి బాగు చేసే చేతులు కావాలి. రవాణా సంస్థల వర్క్‌షాపులు ఆ విధంగా ఎందరికో బడులయ్యాయి.

విజయవాడలో 1960లలో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఈ పరిణామానికి పెద్ద ఉదాహరణ. రోడ్ల పక్కన చెదురుమదురుగా ఉన్న మెకానిక్కులు, బాడీ బిల్డర్లు, లేత్ పనివారు, విడిభాగాల వ్యాపారులు ఒకే చోటికి చేరారు. కలకత్తా–మద్రాసు రహదారి, పెద్ద రైల్వే కూడలి, డెల్టా పంటల రవాణా ఒకే ఊళ్లో కలవడమే దీనికి కారణం. ఒకరు ఇంజను దించితే, పక్క వీధిలో మరొకరు బ్లాకు బోర్ చేసేవారు, ఇంకొకరు క్రాంక్ షాఫ్టు గ్రైండ్ చేసేవారు. ఈ పని విభజన వల్ల ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క పనిలో తిరిగింది. పని నేర్చుకునే పద్ధతి కూడా పాతదే. హైదరాబాదులో ఉస్తాద్ దగ్గర, కోస్తాలో మేస్త్రీ దగ్గర పదేళ్ల వయసు నుంచే గొట్టాలు కడుగుతూ చూసి నేర్చుకున్నవారే ఎక్కువ. 1961 నాటి అప్రెంటిస్ చట్టం, ఐ.టి.ఐ.లు వచ్చాక కూడా చాలాకాలం ఇదే కొనసాగింది. బాల కార్మికత్వం అనే చేదు ముఖం ఈ చరిత్రకు ఉందన్నది దాచవలసిన విషయం కాదు.

ఇంజను కూడా ఒక దస్తావేజే

ఇప్పుడు కొంచెం సాంకేతిక విషయంలోకి వెళ్లాలి. ఇది తెలియనిదే తర్వాతి చర్చ అర్థం కాదు.

అంబాసిడర్ మొదట సైడ్ వాల్వ్ ఇంజనుతో వచ్చింది. 1959 నుంచి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను అమర్చారు. దాని సిలిండర్ వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. ఈ అంకె విచిత్రంగా కనిపిస్తుంది. అంగుళాల్లో చూస్తే మాత్రం సరిగ్గా రెండు అంగుళాల ఏడు ఎనిమిదో వంతులు. ఇటలీ నుంచి వచ్చిన ఫియట్ 1100 ఇంజను సిలిండరు 68 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75 మిల్లీమీటర్లు. గుండ్రటి అంకెలు. ఒకటి అంగుళాల దేశపు బిడ్డ, మరొకటి మెట్రిక్ దేశపు బిడ్డ. మన మేస్త్రీలు ఒకే బల్ల మీద ఈ రెండు కొలమానాలతోనూ పని చేశారు. బి.ఎ. పట్టా ఉన్నవారు తడబడే లెక్క అది.

పిస్టను పైకీ కిందికీ కొట్టుకునే కొద్దీ సిలిండర్ గోడ అరుగుతుంది. అయితే సమానంగా అరగదు. పై రింగు ఆగి వెనక్కు తిరిగే చోట ఎక్కువ, అడుగున తక్కువ. పైగా పిస్టను ఒరుసుకునే రెండు పక్కల ఎక్కువ, మిగతా రెండు పక్కల తక్కువ. అంటే గుండ్రంగా, నిటారుగా ఉండవలసిన రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి, గరాటు ఆకారంలోకి మారుతుంది. రీబోర్ అంటే ఆ రంధ్రాన్ని కొంచెం పెద్దదిగా కోసి మళ్లీ గుండ్రంగా చేయడం, దానికి సరిపడే పెద్ద పిస్టన్లు వేయడం. అంబాసిడర్‌కు ఈ పెంపు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది: పది, ఇరవై, ముప్పై, నలభై. నలభై అంటే ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఆ తర్వాత కోయడానికి ఇనుము మిగలదు. అప్పుడు ఇంకా పెద్దగా కోసి లోపల స్లీవు దించి, మొదటి కొలతకు తిరిగి తెస్తారు. క్రాంక్ షాఫ్టుకు ఇదే పద్ధతి తలకిందులుగా వర్తిస్తుంది. దాని జర్నల్స్‌ను పది, ఇరవై, ముప్పై చొప్పున సన్నగా గ్రైండ్ చేసి, అంతకంత మందమైన బేరింగులు వేస్తారు.

చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే సంగతి ఇక్కడుంది. ఓవర్‌సైజు పిస్టను నెత్తి మీద ఆ కొలత ముద్రించి ఉంటుంది. బేరింగు చిప్ప వీపు మీద కూడా ఉంటుంది. పాత ఇంజను విప్పి పిస్టను మీది మసి తుడిస్తే, అది ఎంత వరకు కోతకు గురైందో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది. 030 అని కనిపిస్తే ఇక మిగిలింది ఒక్క కోతే. రాగి శాసనంలా ఇంజను తన చరిత్రను తన ఒంటి మీదే మోస్తుంది. తేడా ఒకటుంది. శాసనాన్ని చదివినందువల్ల అది అరగదు. ఇంజను మీద జరిగే ప్రతి పనీ దానిలోని ఇనుమును కొంత ఖర్చు చేస్తుంది. తప్పుగా కోసిన బ్లాకును ఎవరూ తిరిగి అతికించలేరు. మంచి లేత్ వర్క్స్ కోసం వెతుకులాట అంత పట్టింపు కావడానికి మూలకారణం ఇదే.

మంచి చోటును గుర్తించడం

మా శాఖలో పనిచేసి రిటైరైన ఒక మిత్రుడికి తండ్రి వాడిన అరవైల నాటి అంబాసిడర్ ఉంది. ఇంజను పనికి ఆయన జాతీయ రహదారి పక్కన పెద్ద బోర్డు, కొత్త మిషన్లు ఉన్న ఒక చోటుకు వెళ్లాడు. వాళ్లు బ్లాకును చూడగానే ఖర్చు చెప్పారు, నాలుగు రోజుల్లో పని ముగించారు. బిల్లులో ‘నలభై’ అని ఉంది. విప్పినప్పుడు దానిలో ఉన్నవి స్టాండర్డు పిస్టన్లు. ఇరవైతో సరిపోయే అరుగుదలకు నలభై ఎందుకు కోశారంటే, వాళ్ల దగ్గర బీరువాలో నలభై పిస్టన్లే ఉన్నాయి. ముప్పై నలభై ఏళ్లు నడవగలిగిన ఇనుము ఒక మధ్యాహ్నంలో పొట్టు పొట్టుగా రాలిపోయింది.

ఈ ఉదాహరణలో గమనించవలసినది వాళ్లు కొలవకుండా ధర చెప్పడం. పని తెలిసిన మేస్త్రీ బ్లాకును ముందు కడిగిస్తాడు. తర్వాత బోర్ గేజీతో ప్రతి సిలిండరునూ పైన, మధ్య, అడుగున, అడ్డంగా నిలువుగా కొలిచి కాగితం మీద రాస్తాడు. నాలుగు సిలిండర్లకు ఇరవై నాలుగు అంకెలు. ఆ కాగితం చూశాకే సైజు నిర్ణయిస్తాడు. కాగితం అడిగితే ఇచ్చే చోటు వేరు, ‘మాకు తెలుసులెండి’ అనే చోటు వేరు. ఈ రెండో మాట ఎంత అనుభవజ్ఞుడి నోట వచ్చినా నేనైతే బండి వెనక్కు తిప్పుతాను.

రెండో గుర్తు పిస్టన్లకు సంబంధించింది. మంచి పనివాడు పిస్టన్లు చేతికి రానిదే బోర్ చేయడు. ఒకే సైజు పిస్టన్లలో కూడా తయారీదారును బట్టి స్వల్పమైన తేడా ఉంటుంది. పిస్టనుకూ గోడకూ మధ్య ఉండవలసిన ఖాళీ చాలా తక్కువ. మీ చేతిలోని ఈ పుస్తకపు కాగితం మందం ఇంచుమించు మిల్లీమీటరులో పదో వంతు అనుకుంటే, ఆ ఖాళీ అందులో దాదాపు సగం. తక్కువైతే వేడికి పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లటి ఇంజను టకటకమంటుంది. కాబట్టి ప్రతి పిస్టనునూ మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గట్టు దాని సిలిండరు కోసి, ‘ఇది ఒకటో నంబరుది’ అని గుర్తు పెట్టడమే పద్ధతి.

మిషన్ల విషయంలో కొత్తదనం కంటే అమరిక ముఖ్యం. పూర్వం చాలా చోట్ల బ్లాకు పైముఖం మీదే బిగించే చిన్న బోరింగ్ బార్ వాడేవారు. లారీలకు, జీపులకు అది గొప్ప మేలు చేసింది. దానితో ఒక చిక్కుంది. బ్లాకు పైముఖం ఏ కొంచెం వంగి ఉన్నా రంధ్రం కూడా అంతే వంగుతుంది, క్రాంక్ షాఫ్టుకు లంబంగా ఉండదు. క్రాంక్ బేరింగుల వరుసను ఆధారంగా తీసుకుని బ్లాకును నిలబెట్టే పెద్ద బోరింగ్ మిషన్‌లో ఈ దోషం రాదు. మీరు వెళ్లిన చోట చిన్న బారే ఉంటే దాన్ని తోసిపుచ్చనక్కర లేదు. ‘పైముఖం ముందు సరిచూశారా?’ అని అడిగితే చాలు. జవాబును బట్టి మనిషి తెలుస్తాడు.

బోర్ తర్వాత హోనింగ్. గోడ మీద సన్నని గీతలు ఒకదానినొకటి కోసుకుంటూ వలలా పడాలి. ఆయిలు ఆ గీతల్లోనే నిలుస్తుంది. అద్దంలా మెరిసే సిలిండరు చూసి మురిసిపోయే యజమానులను చూశాను. అలాంటి గోడ మీద రింగులు కుదురుకోవు. హోనింగ్ రాయి పొడి గీతల్లో మిగిలిపోతే కొత్త రింగులను అదే తినేస్తుంది. కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడిగితే ఆ పొడి పూర్తిగా వదలదు. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షు కావాలి. తుడిచిన తెల్లగుడ్డ తెల్లగానే ఉండాలి. ఇంత చవకైన పరీక్ష ఇంజను పనిలో మరొకటి లేదు. ఎక్కువగా నిర్లక్ష్యం జరిగేదీ ఇక్కడే.

క్రాంక్ గ్రైండింగ్‌లో జర్నల్ అంచు క్రాంకు చేతిని కలిసే మూల గుండ్రంగా ఉందో లేదో చూడాలి. చాకుతో కోసినట్టు పదునుగా ఉంటే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. పాత అంబాసిడర్, ఫియట్ రెండింటి క్రాంకులకూ మూడేసి మెయిన్ బేరింగులే కాబట్టి ఇది మరింత ముఖ్యం.

యుద్ధపూర్వపు కార్ల సంగతి వేరు. ఫోర్డ్ మోడల్ ఎ వంటి వాటిలో విడిగా మార్చుకునే బేరింగు చిప్పలు ఉండవు. తెల్ల లోహాన్ని కరిగించి అక్కడే పోసి, కోసి, నీలిరంగు పూసి క్రాంకు తిప్పి, రంగు అంటిన మిట్టలను చేత్తో గీకాలి. ఈ విద్య తెలిసినవారు ఇప్పుడు బాగా తక్కువ. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల రోల్స్ రాయిస్ చూసినవారికి ఒక మాట చెప్పాలి. ఊరేగింపులకే పరిమితమైన అలాంటి కార్ల కంటే, అద్దెకు తిరిగి తిరిగి నాలుగుసార్లు బోరైన ట్యాక్సీ ఇంజనే పనివారి చరిత్రను ఎక్కువగా చెబుతుంది.

మారిన కాలం, కొత్త నిబంధనలు

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్న ఇంజను, తక్కువ మరమ్మతు, సులువుగా దొరికే విడిభాగాలు. 1991 తర్వాత రకరకాల కార్లు వచ్చాయి. ఇంజను అరిగేలోపే కారు అమ్మేయడం అలవాటైంది. మరోవైపు పెట్రోలు ఖర్చు భరించలేక ఎందరో తమ అంబాసిడర్లలో డీజిల్ ఇంజన్లు పెట్టించుకున్నారు. దించిన పెట్రోలు ఇంజన్లు పాత ఇనుముగా తూకానికి పోయాయి. 2014లో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగింది. 2023 అక్టోబరులో ముంబయిలో చివరి పద్మిని ట్యాక్సీలు తప్పుకున్నాయి. బోరింగ్ మిషన్లు ట్రాక్టరు, జె.సి.బి. ఇంజన్ల వైపు మళ్లాయి. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకు వెళ్లడంతో చాలా దుకాణాల్లో చివరి మేస్త్రీ తర్వాత ఎవరూ లేరు. ఆ పిల్లల దృష్టిలో ఇది నష్టమేమీ కాదని కూడా ఒప్పుకోవాలి.

రెండు ప్రభుత్వ నిర్ణయాలు ఇంజను పని స్వభావాన్ని నేరుగా మార్చాయి. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. ప్రజారోగ్యం దృష్ట్యా అది అవసరమైన నిర్ణయం. అయితే పాత ఇంజన్లలో ఆ సీసమే ఎగ్జాస్టు వాల్వుకూ దాని సీటుకూ మధ్య మెత్తగా పనిచేసేది. అది లేకపోతే అంబాసిడర్ వంటి పోత ఇనుప హెడ్డులో సీటు క్రమంగా లోపలికి కుంగుతుంది. హెడ్డులో గట్టి ఉక్కు రింగు దించి కొత్త సీటు కోయడం దీనికి మార్గం. ఈ పని గురించి తానే ముందుగా ప్రస్తావించే లేత్ వర్క్స్ దొరికితే అదృష్టమే.

రెండోది 2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన వాహనానికి ‘వి.ఎ.’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. చాసీ, బాడీ షెల్, ఇంజను వంటి వాటిలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదన్నది ఇందులోని కీలకమైన షరతు. అంటే ఒకప్పుడు ఇంధన ఖర్చు కోసం ఇంజను మార్చేసిన కారుకు ఇప్పుడు ఆ గౌరవం దక్కడం కష్టం. అసలు బ్లాకు ఉన్నవారు దాన్ని కాపాడుకోక తప్పదు. బ్లాకు మీది ఇంజను నంబరు ఆర్.సి.లోని నంబరుతో సరిపోవాలి కనుక, శుభ్రం చేసే పేరుతో దాన్ని రుద్దవద్దని పని అప్పగించే ముందే చెప్పడం, నంబరు ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది.

క్షేత్ర అభ్యాసం

మీ పట్టణంలో ఇంజను పని చేసే ఒక పాత లేత్ వర్క్స్‌కు వెళ్లండి. పని వేళ కాకుండా మధ్యాహ్న భోజనం తర్వాత వెళితే మాట్లాడే తీరిక దొరుకుతుంది. అక్కడి బోరింగ్ మిషన్ ఏ ఊళ్లో తయారైందో దాని పలక మీద చూసి రాసుకోండి. మేస్త్రీ ఆ పని ఎవరి దగ్గర, ఏ వయసులో నేర్చుకున్నారో, వారికి నేర్పినవారు ఎక్కడి నుంచి వచ్చారో అడగండి. మొదట కార్లా, లారీలా, ఆయిల్ ఇంజన్లా అన్నది తప్పక అడగండి. పాత పని పుస్తకాలు ఉంటే చూపమనండి. ఏ సంవత్సరంలో ఏ కార్ల బ్లాకులు, ఏ సైజుకు బోరయ్యాయో వాటిలో ఉంటుంది. అనుమతి తీసుకుని ఒక నెల పుటలను నకలు రాసుకోండి. దుకాణం మూతపడిన రోజు ముందుగా చెత్తకు పోయేవి ఆ పుస్తకాలే. మీరు రాసుకున్న వివరాలను నాలుగు పుటలకు మించకుండా రాసి, అధ్యయన కేంద్రంలోని కౌన్సిలరుకు అందజేయండి. మేస్త్రీ పేరు రాయాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలేయండి.